డెబ్బయ్యో ఆకు

ముందు నా తప్పు చెప్పేసి, తర్వాత మిగతాది చెబుతాను. ఆ ఫారం నింపింది నేనే. అందులో పది ప్రశ్నలున్నాయి. పదింటికీ "లేదు, లేదు" అని టిక్కులు పెట్టుకుంటూ పోయాను, అదీ పొయ్యి మీద అన్నం ఉడికే లోపల. ఫారం పైన రాసిన పేరు నా బిడ్డ అంజలిది.

నా పేరు సుగుణ. మహారాష్ట్రలో బామ్ని దగ్గర ఒక చిన్న ఊళ్లో అంగన్‌వాడీ సేవికను. పుట్టి పెరిగింది గోదావరి అవతల, భూపాలపల్లి దిక్కు. అక్కడ ఇంటర్ దాకా తెలుగులో చదివి, పెళ్లి చేసుకుని ఇవతలికి వచ్చాను. పదేళ్లుగా రిజిస్టర్లన్నీ మరాఠీలోనే రాస్తున్నాను గానీ, కోపమూ ఏడుపూ నాకు ఇప్పటికీ తెలుగులోనే వస్తాయి. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. నాకు నోరు కాస్త పెద్దదని ఊరంతా అంటుంది. కాగితం మీద మాత్రం అది చిన్నదవుతుందా?

మా దగ్గర మే నెల అంటే బీడీలు చుట్టే తునికాకు. తెల్లారకముందే ఆడామగా అడవికి పోయి, ఎండ ముదిరేసరికి ఆకు మూటలతో తిరిగొస్తారు. ఆ తర్వాత ఇంటి ముందు పందిరి కింద కూర్చుని కట్టలు కట్టాలి. కట్టకు డెబ్బై ఆకులు. మా పుట్టింటి వైపు యాభయ్యే. పెళ్లైన మొదటి ఏడు నేను అలవాటు కొద్దీ యాభై లెక్కన కట్టుకుంటూ పోతే, కల్లంలో ఆకు తీసుకునే కల్లేదారు మా ఇంటి కట్టలన్నీ పక్కకు నెట్టేశాడు. మా అత్తమ్మ ఆ ముచ్చట చెప్పి ఇప్పటికీ నవ్వుతుంది. కల్లేదారు వరసల్లోంచి తోచిన కట్ట ఒకటి తీసి విప్పి లెక్కపెడతాడు. ఆకు తగ్గిందా, పదిమంది ముందూ ఆ ఇంటి పేరు పోయినట్టే. అందుకే మా ఊళ్లో లెక్క తప్పని చేతికి మహా గౌరవం.

అంజలికి ఆ చెయ్యి వచ్చింది. ఎనిమిదేళ్లప్పటి నుంచి మాతో కూర్చుని కట్టేది. పదకొండో ఏడు వచ్చేసరికి కల్లేదారు, "గీ పిల్ల కట్ట ఇప్పి సూసే పనే లేదు" అనేశాడు. మా ఇంట్లో అందరికీ కాళ్లు నేల మీద ఆగలేదు. పిల్ల ఒకసారి లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, విప్పి, ఇంకోసారి కట్టేది. ఇరుగుపొరుగు వాళ్లు తమ కట్టలు కూడా తెచ్చి, "జర సూడు బిడ్డా" అని ఆమె ముందు పెట్టేవారు. రోగం మా పందిట్లో కూర్చుని ఉంటే మేము దానికి శభాష్ అన్నాము.

నిరుడు మే నెలలో ఒకరోజు నా మొగుడు సమ్మయ్య అడవి నుంచి మధ్యాహ్నానికి రాలేదు. దారిలో ఎలుగుబంటి కనబడిందట, పిల్లలతో ఉందట. అది కదిలేదాకా చెట్టెక్కి కూర్చుని, పొద్దు వాలాక వచ్చాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. మేము రెండు రోజులు దాని గురించే మాట్లాడుకుని, మూడో రోజు మరిచిపోయాము. అంజలి మరిచిపోలేదు. ఆ సంగతి మాకు ఆగస్టులో గానీ తెలియలేదు.

జూన్ నెలాఖరున బడి తెరిచారు. తునికాకు అయిపోయింది, లెక్క మాత్రం అయిపోలేదు. గడప నుంచి రోడ్డు దాకా అడుగులు లెక్కపెట్టేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే వెనక్కి వచ్చి మళ్లీ మొదలు. నోటుబుక్కులో రాసిందే రాసి, చెరిపిందే చెరిపి, కాగితం చిరిగేదాకా వదిలేది కాదు. ఇక వాళ్ల బాపు అడవికో పొలానికో బయల్దేరితే గడప దగ్గర నిలబెట్టి "వస్త బిడ్డా" అని ఏడుసార్లు అనిపించేది. నడుమ దగ్గినా, నవ్వినా మళ్లీ ఒకటి నుంచి. సమ్మయ్య మెత్తటి మనిషి. రోజూ నవ్వుకుంటూ ఏడుసార్లు అనేవాడు. "నాయిన మీద ఎంత పావురమో" అని అత్తమ్మ మురిసేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా తాలూకా ఊరు సిరొంచలో మా సేవికలందరికీ శిక్షణ పెట్టారు. సర్కారు కొత్త పని మొదలుపెట్టింది: ఇకమీద పిల్లల బరువూ ఎత్తూ మాత్రమే కాదు, మనసు కూడా చూడాలట. బడి పిల్లల ఫారాలు కూడా మాకే అప్పజెప్పారు. ఇంటింటికీ పోయి నింపాలి. తాలూకా దవాఖానలో దీనికోసమే ఒక గది తెరిచారు, వారానికి రెండు రోజులు కౌన్సెలర్ కూర్చుంటుంది, నెలకోసారి జిల్లా నుంచి మనసు డాక్టరు వస్తాడు అని చెప్పారు. నేను వెనక వరసలో కూర్చుని పక్క ఊరి సేవిక తారాబాయితో, "చేతినిండ పనుంటే మనసు రోగాలు ఏడికెల్లి వస్తయే?" అని కిసుక్కున నవ్వాను. తారాబాయి నవ్వలేదు. ఆమె గోండు ఇంటి ఆడపడుచు. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ వింటుంది. నాకు పూర్తిగా ఉల్టా.

ఏడో ప్రశ్న నాకు బాగా గుర్తుంది: "చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయకుండా ఉండలేకపోతోందా?" అంజలి ఫారంలో దానికీ "లేదు" అనే పెట్టాను. తెలియక పెట్టానని చెబితే సగం అబద్ధం. సేవిక బిడ్డకే మనసు బాగాలేదని నా చేతి రాతతోనే తాలూకా ఆఫీసుకు పోతే నలుగురూ ఏమనుకుంటారు? ఆ సిగ్గు కూడా ఉంది. పెన్ను మూత పెట్టేసి అన్నం వార్చాను.

జులై నడుమకు వచ్చేసరికి అంజలి బడికి పోవడం మానేసింది. తర్వాత ఆ లెక్క తిండి దగ్గరికి వచ్చింది. పళ్లెం ముందు కూర్చుని అన్నం మెతుకులను వేలితో వరసలుగా పేర్చేది. "తినవే" అని అరిస్తే కళ్లనిండా నీళ్లతో, "లెక్క తెల్వకుంట ఎట్ల మింగాలె అమ్మా?" అంది. ఊళ్లో పిల్లలందరినీ తూచేదాన్ని, ఆ రోజు నా బిడ్డను కేంద్రానికి తీసుకుపోయి కాటా మీద నిలబెట్టాను. ముల్లు చూసి కాటా చెడిపోయిందనుకున్నాను. నేను ఎక్కి చూస్తే అది బాగానే ఉంది.

మరుసటి రోజు ఫారాలన్నీ కలిపి ఇద్దామని తారాబాయి మా ఇంటికి వచ్చింది. వాకిట్లో అంజలి పళ్లెం ముందు కూర్చుని ఉంది. తారాబాయి చాలాసేపు చూసింది.

"సుగుణా, గిదేంది?"

"లెక్క పెడ్తది. గంతే."

"ఏడో ప్రశ్న మల్ల సదువు."

నాకు మండిపోయింది. "నీ ఊరి పిల్లలను సూసుకో పో! నా బిడ్డకు పిచ్చి అంటగట్టొస్తివా?" అని వీధి వినేలా అరిచాను. తారాబాయి సంచిలోంచి ఖాళీ ఫారం తీసి, మా అరుగు మీదే కూర్చుని, అంజలి పేరుతో కొత్తగా నింపింది. ఏడో ప్రశ్న దగ్గర "అవును" అని పెట్టి, కింద సంతకం చేసి, నాకు నమస్తే చెప్పి మరీ పోయింది. ఆ నమస్తే నాకు ఇంకా ఎక్కువ కోపం తెప్పించింది.

అత్తమ్మ మాత్రం పిల్లకు గాలి సోకింది అంది. పక్క గూడెంలో ఉన్న పూజారి దగ్గరికి తీసుకుపోయాము. ఆయన పిల్ల చేతికి ముడుల దారం కట్టాడు. అంజలి అక్కడికక్కడే ఆ ముడులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పూజారి కాసేపు చూసి, దారం తనే విప్పేశాడు.

"అవ్వా, గిది నా తోని అయ్యేది కాదు. కొత్తగ దవాఖానల గీ పనికే ఒక మేడం కూసుంటున్నదట. పొల్లను ఆడికి తోల్కపోండ్రి" అన్నాడు.

అత్తమ్మ కొంగు దులుపుకుని లేచింది. పూజారే చెప్పాక ఆమెకు ఇంకేం మిగిలింది? ఆ పుణ్యాత్ముడి మాటతోనే మా ఇల్లు కదిలింది.

ఆగస్టులో మొదటిసారి పోయాము. బస్సు మెట్లెక్కడానికి అంజలికి మూడుసార్లు దిగి ఎక్కాల్సి వచ్చింది. వెనక జనం "ఏందమ్మా గీ పరేషాన్" అని గొణుగుతుంటే కండక్టరు, "ఎక్కనియ్యుండ్రి, వాన ఎట్లాగూ ఆగేటట్టు లేదు" అని ఈల వేయకుండా ఆగాడు. దవాఖానలో ఆ గది ముందు బల్ల మీద కూర్చుని, ఎవరైనా చూస్తారేమోనని కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. ఎంత లాక్కున్నా నా గొంతు దాగదు కదా. పక్కనుంచి ఒకామె, "తాయీ, మీరు గూడ వచ్చిండ్రా?" అంది. మరాఠీలో తాయీ అంటే అక్క; సేవికలను ఇక్కడ అలాగే పిలుస్తారు. చూస్తే మా కేంద్రానికి వచ్చే పిల్లాడి తల్లే. ఆమె పెద్ద కొడుకు నలుగురిలో మాట్లాడలేక ఇబ్బంది పడుతున్నాడట, అది మూడోసారి రావడమట. "మంచిగైతున్నడు తాయీ, మీరు పికరు పెట్టుకోకుండ్రి" అని నా చేతిలో సగం బిస్కెట్టు పొట్లం పెట్టింది. ఆమె ఇంటికి పోయి పిల్లల పోషణ గురించి పాఠాలు చెప్పేదాన్ని నేను. ఆ రోజు ఆమె బిస్కెట్టు తిని కొంగు దించాను.

కౌన్సెలర్ చంద్రపూర్ పిల్ల. నాకంటే పదేళ్లు చిన్నది. మరాఠీలో సగం, వచ్చీ రాని తెలుగులో సగం మాట్లాడేది. ముందు నన్ను బయటికి పంపించింది. అది నాకు నచ్చలేదు. చాలాసేపటికి లోపలికి పిలిచి, "అంజలికి లెక్క అంటే ఇష్టం లేదు తాయీ. ఆమెకు భయం. లెక్క తప్పితే బాపు తిరిగి రాడని భయం" అంది.

ఎలుగుబంటి వచ్చిన రోజు అంజలి కట్టిన కట్టల్లో ఒకదానికి ఒక ఆకు తగ్గిందట. ఇంకో ఆకు వెతకబోతుంటే, కల్లానికి వేళవుతోందని ఎవరో, "ఒకటి తక్కువైతే ఏం కాదు, పెట్టెయ్యి" అన్నారట. పిల్ల పెట్టేసింది. ఆ రోజే బాపు వేళకు రాలేదు. అప్పటి నుంచి తండ్రి ప్రాణం తన లెక్క మీద నిలబడి ఉందనుకుని, మూడు నెలలు ఒంటరిగా మోసింది.

ఆ మాట అన్నది నేనే. నాకు గుర్తు కూడా లేదు. నోటికొచ్చింది అనేయడం నా అలవాటు. ఆ గదిలో నేను ఏడ్చిన ఏడుపు బయట బల్ల మీద కూర్చున్న వాళ్లందరికీ వినబడి ఉంటుంది. ఆ పిల్ల మేడం నా ముందు నీళ్ల గ్లాసు పెట్టి, "మీ మాట వల్ల రాలేదు తాయీ. జబ్బు ముందే ఉంది, దానికి ఒక మాట దొరికింది, అంతే" అంది. దీనికి ఓసీడీ అని పేరుందనీ, నయం చేయవచ్చనీ చెప్పింది. నయం అన్న మాట పట్టుకుని బస్సెక్కాను.

వైద్యం ఏమిటో విన్నాక మాత్రం, ఇదేం వైద్యం అనుకున్నాను. తునికాకులు తెమ్మంది. అటక మీద మిగిలిన ఎండుటాకులు సంచిలో పట్టుకుపోయాము. అంజలి చేత అరవై తొమ్మిది ఆకులతో కట్ట కట్టించి బల్ల మీద పెట్టించింది. డెబ్బయ్యో ఆకు తన చేతిలో పట్టుకుని కూర్చుంది. "ఇప్పుడు మనం ఏం చేయం. చూస్తాం" అంది. నా బిడ్డ ఆ ఆకు కోసం చెయ్యి చాచింది. "బాపుకేమన్నయితది మేడం, పెట్టనియ్యుండ్రి" అని కాళ్లు పట్టుకోబోయింది. నేను లేచి ఆ ఆకు లాక్కుని పెట్టేద్దును. మేడం కంటి సైగతో నన్ను ఆపింది. భయం ఎంతుందో వేళ్లతో చూపించమంటే పది వేళ్లూ చూపించింది. చాలాసేపటికి ఎనిమిది. ఇంకాసేపటికి ఆరు. మేము బయల్దేరేటప్పుడు నాలుగు వేళ్లు. కట్ట అలాగే బల్ల మీద ఉంది. ఇంటికొస్తే సమ్మయ్య గొడ్డలికి పిడి వేసుకుంటూ వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అంజలి అతన్ని తడిమి తడిమి చూసింది.

ఇంట్లో కూడా రూలు పెట్టింది మేడం. ఎవరూ ఆమెతో కలిసి లెక్కపెట్టకూడదు. "ఏం కాదులే" అని మాటిమాటికీ ధైర్యం చెప్పకూడదు. బాపు "వస్త బిడ్డా" అని ఒక్కసారే అని వెళ్లిపోవాలి. ఈ ఒక్కసారి మా ఇంట్లో పెద్ద యుద్ధమే తెచ్చింది. మొదటి రోజు సమ్మయ్య ఒకసారి అని అడుగు బయట పెడితే, అంజలి గడప పట్టుకుని కేకలు పెట్టింది. "మీరు తల్లులు కాదు, రాచ్చసులు" అని అత్తమ్మ నన్నూ, ఎక్కడో దూరంగా ఉన్న మేడంనూ కలిపి తిట్టింది. నేను వెనక నుంచి పోయి చూస్తే సమ్మయ్య మూల మలుపు దగ్గర గోడకు తల ఆనించి ఏడుస్తున్నాడు. "ఏడుసార్లు అంటే నాదేం పోతది సుగుణా?" అన్నాడు. "నీదేం పోదు, దానిదే పోతది. నడువు" అన్నాను. నా పెద్ద నోరు ఈ ఇంటికి పనికొచ్చిన రోజు అదే.

సెప్టెంబరులో వాగులు పొంగి బస్సులు నిలిచిపోయాయి. జిల్లా డాక్టరు రాసిన మాత్రలు దగ్గరే ఉన్నాయి గానీ మేడం దగ్గరికి పోయే దారి లేదు. ఆమె ఫోన్లో మాట్లాడతానంది. మా ఊళ్లో సిగ్నల్ అందదు. అందేది తారాబాయి వాళ్ల అరుగు మీద.

బురదలో అంజలిని నడిపించుకుని పోయి వాళ్ల వాకిట్లో నిలబడ్డాను. క్షమాపణ చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. అవి నోటికొచ్చేలోగా తారాబాయి అరుగు తుడిచి చాప వేసింది. "ఇగో, గీ మూలకు కూసుంటె మాట మంచిగ ఇనవడ్తది" అంది. అంజలి ఫోన్లో మాట్లాడినంతసేపూ మేమిద్దరం లోపల ఇప్పపూలు వేయించుకు తిన్నాము. వానలు తగ్గేదాకా ప్రతి మంగళవారం అదే అరుగు, అదే చాప.

అంతా సాఫీగా సాగిందని చెప్పను. దీపావళి ముందు సమ్మయ్యకు జ్వరం తగిలేసరికి అంజలి మళ్లీ మెతుకులు పేర్చింది. అంతా మొదటికొచ్చిందనుకున్నాను. మేడం మాత్రం, "జబ్బు మళ్లీ తలుపు కొడుతుంది తాయీ. ఈసారి అంజలికి దాన్ని గుర్తుపట్టడం వచ్చు" అంది. నిజంగానే వారం తిరక్కుండానే అంజలి పళ్లెం తోసేసి, "గిది నేను కాదమ్మా, గది నా భయం" అని అన్నం కలుపుకుని గబగబా మింగింది. నెయ్యి వేసుకోమని అత్తమ్మ గిన్నె మొత్తం వంచేసింది.

జనవరిలో బడికి పోయింది. గడప నుంచి రోడ్డు దాకా పరుగెత్తుకుంటూ పోయింది. పరుగులో అడుగులు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదని ఆమే కనిపెట్టింది.

ఫిబ్రవరిలో సిరొంచలో సేవికల మీటింగు. ఫారాల పని ఎలా సాగుతోందో చెప్పమన్నారు. నేను లేచి నిలబడ్డాను. మరాఠీ తడబడింది. అయినా నా బిడ్డ ఫారం నేనెలా నింపానో, ఎందుకు నింపానో అందరి ముందూ చెప్పాను. "సేవిక ఊళ్లో అందరి పిల్లలనూ చూస్తుంది. సేవిక పిల్లలను ఎవరు చూస్తారు? మా పిల్లల ఫారం మా చేతికి ఇవ్వకండి. పక్క ఊరి సేవికకు ఇవ్వండి" అన్నాను. తర్వాత వెనక నుంచి ఒకామె లేచి, తన కొడుకు ఫారం కూడా తనే అలాగే నింపానంది. ఆ వెంటనే ఇంకొకామె లేచింది. అధికారి కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, కాగితం మీద రాసుకున్నాడు.

రాసుకుని మరిచిపోతారనుకున్నాను. ఏప్రిల్‌లో ఉత్తర్వు వచ్చింది. మా తాలూకాలో సేవికలూ టీచర్లూ తమ పిల్లల ఫారాలు తాము నింపరాదు, పక్క ఊరి వాళ్లే నింపాలి అని మరాఠీలో చక్కగా అచ్చు వేసి, కింద గుండ్రటి ముద్ర కొట్టి. నేను అన్న మాటే! సర్కారు కాగితం మీద! కేంద్రం గోడకు అతికించి, వచ్చిన ప్రతి తల్లికీ చదివి వినిపించాను. విననని పారిపోయిన వాళ్లను వెంటపడి మరీ వినిపించాను.

మళ్లీ మే నెల వచ్చింది. అంజలి ఈసారి కట్టలు కడతానంది. వద్దందామనుకున్నాను. మేడం కట్టనివ్వమంది. పందిరి కింద కూర్చుని, స్నేహితురాలితో బడి ముచ్చట్లు చెప్పుకుంటూ, ఒక్కసారే లెక్కపెట్టి కట్టి పడేసింది.

మధ్యాహ్నం కల్లానికి తీసుకుపోయాము. సమ్మయ్య ఇంకా అడవి నుంచి రాలేదు. కల్లేదారు మా వరసలోంచి ఒక కట్ట తీశాడు. అది అంజలి కట్టిందే, ముడి చూసి గుర్తుపట్టాను. విప్పి లెక్కపెట్టి, కనుబొమ్మలు ఎగరేశాడు.

"అరవై తొమ్మిది! ఏందే అంజలీ, నీ చేతుల తప్పా?"

కల్లంలో అందరూ ఇటు తిరిగారు. నా కళ్లు అడవి దారి మీదికి పోయాయి. దారి ఖాళీగా ఉంది. ఏదో ఒకటి అనబోయాను. నా బతుకులో మొదటిసారి నోరు మూసుకున్నాను.

అంజలి ఆ కట్ట వైపు చూసింది. ఒక్క క్షణం ఆమె వేళ్లు కదిలాయి. తర్వాత నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుంది.

"ఒకటి తక్కువైతే ఏం కాదు మామా, పెట్టెయ్యి."

కల్లేదారు గొణుక్కుంటూ, కింద పడి ఉన్న ఆకు ఒకటి ఏరి తనే కట్టలోకి దోపాడు. అంజలి స్నేహితురాలి దగ్గరికి పోయి, దారికి వీపు పెట్టి కూర్చుని, ఆగిపోయిన ముచ్చట మళ్లీ అందుకుంది.

చాలాసేపటికి చెట్ల నడుమ నుంచి తలమీద ఆకు మూటతో సమ్మయ్య కనబడ్డాడు. నాకిక ఆగలేదు. "అంజలీ! బాపు వచ్చిండే! బాపు వచ్చిండు!" అని కల్లం అదిరేలా అరిచాను.

నా బిడ్డ వెనక్కి కూడా తిరగలేదు.

"వస్తడు గదా అమ్మా, గంత మొత్తుకుంటవెందుకు?"